నాలుగో జ్వరం నాటి సముద్రం

మా ఇంట్లో సెలవంటే నెలకు ఒక్క రోజు. పట్టుపురుగులు నాలుగో జ్వరానికి కూర్చునే రోజు.

పురుగు పెరిగేలోపల నాలుగుసార్లు పాత తోలు విడుస్తుంది. విడిచే ముందు ఆకు ముట్టదు. తల పైకెత్తి ఒక దినం అట్లాగే ఉండిపోతుంది. దాన్ని మేం జ్వరం అంటాం. మనుషుల జ్వరంతో దానికి ఏ సంబంధమూ లేదు. నాలుగోది లేచిందంటే ఇక వారం రోజులు అది తింటూనే ఉంటుంది, మనం ఆకు కోస్తూనే ఉండాలి. ఊరు దాటాలంటే ఆ ఒక్క రోజే.

రెండేళ్ళ కిందటి వేసవిలో ఆ రోజు మీద మా అవ్వ కన్ను పడింది.

అవ్వ పేరు వెంకటలక్ష్మమ్మ, మా అమ్మకు తల్లి. ఆరు నెలలు కెలమంగలం పక్కన మా ఇంట్లో ఉంటుంది, ఆరు నెలలు హోసూరులో కొడుకు అంజనప్ప ఇంట్లో. మార్పిడి కెలమంగలం బస్టాపులో. మామ కారు రోడ్డుకు అటుపక్క ఆగుతుంది, మా వ్యాను ఇటుపక్క. అవ్వ గుడ్డల సంచి చంకన పెట్టుకుని ఒక్కతే రోడ్డు దాటుతుంది. ఆ సమయానికి మామ అటు చూస్తుంటాడు, అమ్మ ఇటు చూస్తుంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే.

కారణం ఒక మాట. బంధువుల పెండ్లిలో మేం వచ్చి పంక్తిలో కూర్చోగానే, మామ అందరి ముందూ "పురుగులోళ్ళు వచ్చినారు, ఆకెయ్యండప్పా!" అని అరిచాడు. ఆకంటే మనుషులకు విస్తరి, పురుగులకు మేత. పందిరంతా నవ్వింది. ముందు వేసిన ఆకు మీద నీళ్ళయినా చల్లకుండా అమ్మ లేచి వచ్చేసింది. వెనకే నాయన, ఆ వెనక పదహారేళ్ళ నేను. నాకు బాగా ఆకలిగా ఉండినట్టు గుర్తు.

ఆ వేసవిలో ఒక పొద్దున అవ్వ ఫోను చేసింది. అమ్మ స్పీకరు పెట్టి వక్కాకు నములుతూ వింటోంది.

"ఒసే నంజా, అంజి నన్ను సముద్రానికి పిలుచుకుపోతాడంట. మార్పిడి దినం అప్పుడే వస్తాది. మీరు ఆడికొచ్చి నన్ను తీసుకోండి."

"మూడు నూర్ల కిలోమీటర్లమ్మా!"

"నన్నేమన్నా మోసుకొని రమ్మంటినా? వ్యానుండాది కదా."

"పురుగులుండాయి ఈడ."

"ఆ దినానికి నాలుగో జ్వరం. పాపక్కను అడిగే చెప్తా ఉండాను."

పాపక్క మాకు పురుగుల పనిలో తోడుండే మనిషి. అమ్మ నోట్లో వక్కాకు ఆగిపోయింది. నాయన సోమప్ప తువ్వాలు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాడు.

"వస్తాను. వ్యాను దిగను," అంది అమ్మ.

*

చీకటితో బయలుదేరి పదిన్నరకు మహాబలిపురం చేరాం. అమ్మ మాట తప్పలేదు. ఇసుక అంచున ఆపిన వ్యానులో, సముద్రానికి వీపు పెట్టి కూర్చుంది. నాయన ఒక పొట్లం వేరుశనక్కాయలు కొనుక్కుని ఆమె పక్కన చేరాడు. దూరంగా ఒక రంగుల గొడుగు కింద అవ్వ, మామ, మామ కోడలు వినుత కనిపించారు. వినుతను నేను చూడటం అదే మొదలు. మూడేళ్ళ కిందట మామ కొడుకు మంజునాథ్‌తో ఆమె పెండ్లికి పత్రిక వచ్చింది కానీ మేం పోలేదు. మంజునాథ్‌కు ఫ్యాక్టరీలో సెలవు దొరకలేదని తర్వాత తెలిసింది.

నేను పడవల చాటుకు పోయి పాపక్కకు ఫోను చేశాను. అలల హోరుకు ఆమెకు వినబడటం లేదు. నేను జీవితంలో ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు.

"అన్నిటికీ జ్వరం వచ్చిందా పాపక్కా?... ఏం పెట్టొద్దు. నోటికి ఏమీ అందనీయొద్దు... కదిలించొద్దు, అట్లే పడుండనీ. పైన సున్నం చల్లు... ఒకటీ రెండూ పోతే పోనీ, ఏరి బయట పారెయ్."

ఫోను పెట్టి తిరిగేసరికి ఒకామె నా ఎదురుగా నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. చీర కుచ్చిళ్ళు మోకాలి దాకా ఎత్తి దోపుకుంది. రెండు చేతుల్లో రెండు చెప్పులు. ముఖం ఎర్రగా ఉంది, ఎండకు కాదు.

"ఏమప్పా, నువ్వు మనిషివేనా? జ్వరమొచ్చిన బిడ్డలకు తిండి ఆపి సున్నం చల్లుతారా?"

మా వైపు పిల్లల్ని కూడా 'వచ్చినాయి, పోయినాయి' అనే అంటాం. ఆమె మాట మా వైపుదే. నాకు విషయం అర్థమయింది. కానీ నాకు అర్థం కావడానికీ నోరు తెరవడానికీ మధ్య ఎప్పుడూ కొంచెం వ్యవధి పడుతుంది.

"నేను పిల్లల వార్డులో నర్సును. ఏం హాస్టలు నీది? యాడుండాది? ఎంతమంది బిడ్డలుండారు?"

"నలభై వేలు," అన్నాను.

ఆమె చెప్పులు కింద పడ్డాయి.

"నలభై... వేలా?"

"నూరు గుత్తుల గుడ్లు తెచ్చినాం, గుత్తికి నాలుగు నూర్లు. అటూ ఇటుగా అంతే ఉంటాయి." ఇంకొక్క మాట చెబితే మంచిదనిపించింది. "పట్టుపురుగులు."

ఆమె నన్ను చూసింది, ఫోనును చూసింది. తర్వాత ఇసుకలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగుతుంది, "ఏరి పారెయ్యమన్నాడమ్మా!" అనుకుంటుంది, మళ్ళీ మొదలవుతుంది. ఏం చేయాలో తెలియక ఆమె చెప్పులకంటిన ఇసుక దులిపి పక్కన పెట్టాను.

"ఎవరప్పా నువ్వు?"

"గుర్రప్ప. వెంకటలక్ష్మమ్మ మనవణ్ణి. అవ్వను తీసుకుపోను వచ్చినాను."

"ఓహో, కెలమంగలం వాళ్ళా? నేను ప్రతిభ, వినుతకు అక్కను. మాది అత్తిముగం." లేచి చీర దులుపుకుంది. "మా ఊర్లో అందరిదీ టమాటా, కొత్తిమీరే, పట్టుపురుగు ముఖం చూసినోళ్ళు లేరు. గుర్రప్పంట! పేరు గుర్రం, మాట మాత్రం పురుగు నడకే."

పదకొండు ఇండ్లలో నాకు పిల్లను అడిగారు. భూమి ఉందంటే వింటారు, బోరులో నీళ్ళున్నాయంటే వింటారు, పురుగులనగానే పిల్ల లేచి లోపలికి పోతుంది. పన్నెండో ఇంటికి నేను రానని ఉగాది నాడే అమ్మతో చెప్పేశాను. పురుగుల మాట విని నా ముందు కూర్చుని నవ్విన ఆడమనిషి ఈమే మొదలు.

*

మధ్యాహ్నానికి మార్పిడి జరగాలి. అవ్వ లేవలేదు.

"ఇంకా కాలు కూడా తడవలేదు, నేను రేపు వస్తాను. మీరూ ఉండండి."

వ్యానులోంచి అమ్మ గట్టిగా, "మాకు పనుండాది" అంది.

"నిద్రపోయే పురుగుకు నీ పనేమే? దిగిరా."

రాత్రికి అందరం ఒకే లాడ్జిలో గదులు తీసుకోవలసి వచ్చింది. సాయంత్రం అవ్వను అలల దాకా నడిపించాలన్నప్పుడు, ఒక చెయ్యి ప్రతిభ పట్టుకుంది, ఒక చెయ్యి నేను. చీలమండ దాకా నీళ్ళు రాగానే అవ్వ "చాలు" అని వెనక్కి తిరిగి, మా ఇద్దరినీ అక్కడే వదిలేసి, చకచకా ఒక్కతే గొడుగు కిందికి పోయి కూర్చుంది. అంత బాగా నడవగలదని మాకు అప్పటిదాకా తెలియదు.

ప్రతిభ ఉడికించిన శనగల సుండల్ పొట్లం కొనింది. తినేముందు సీసాలో నీళ్ళతో చేతులు కడుక్కుంది. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు దాటి మోచేతి దాకా. తిన్నాక మళ్ళీ అట్లాగే.

"మా పురుగుల ఇంట్లోకి పోవాలన్నా అట్లే కడుక్కోవాల," అన్నాను. "చెప్తే ఎవరూ సరిగ్గా కడగరు."

"నా వార్డులో కూడా అంతే. తల్లులతో రోజూ గలాటా." సీసా మూత బిగించింది. "జ్వరమంటే అవి ఏం చేస్తాయి?"

"తల ఎత్తిపెట్టి ఊరికే ఉంటాయి. ముట్టుకోకూడదు. మేం లోపల సద్దు కూడా చెయ్యం."

"అందుకేనా నువ్విట్లయింది?"

నాకు నవ్వొచ్చింది. ఆమె తన సంగతి చెప్పింది. చూడవచ్చిన వాళ్ళంతా ముందు అడిగేది ఉద్యోగం ఎప్పుడు మానేస్తావని. రాత్రి డ్యూటీ అనగానే పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారంట. "నన్ను చూడ్డానికి వచ్చి ఒకరి ముఖాలు ఒకరు చూసుకోని పోతారప్పా," అంది. కాగితం పొట్లం అడుగున మిగిలిన మామిడికాయ ముక్క ఆమెకు ఇచ్చాను. తీసుకుంది.

గొడుగు కింద నుంచి అవ్వ ఇదంతా చూస్తూనే ఉంది.

*

"ఒరే అంజీ," అంది అవ్వ, మేం తిరిగి రాగానే, అందరికీ వినబడేట్టు. "నీ కోడలి అక్కను మన గుర్రానికి అడుగు."

మామ తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. వినుత అక్కను మోచేత్తో పొడిచింది. నా చెవులు వేడెక్కాయి. అప్పటికి అమ్మ వ్యాను దిగి, గొడుగుకు పది అడుగుల దూరంలో, మాకు వీపు పెట్టి కుర్చీ వేసుకుని ఉంది. ఆ వీపు నిటారయింది.

"యాడన్నా అవుతుందా అమ్మా? వరస కుదరదు," అన్నాడు మామ. "మా మంజునాథ్‌కు వీడు బావ. మంజు పెండ్లాం వీనికి చెల్లెలి వరస. చెల్లెలికి అక్కంటే వీనికేమయింది? అక్కచెల్లెలే కదా. తోడబుట్టినట్టు."

అది నిజమే. నేను ఇసుకలోకి చూశాను. ఒక చిన్న పీత బొరియ దగ్గరకు వచ్చి, నన్ను చూసి, మళ్ళీ లోపలికి పోయింది. పన్నెండో ఇల్లు తన కాళ్ళతో నడిచి నా దగ్గరికి వస్తే, అది చెల్లెలి ఇల్లయి కూర్చుంది. ప్రతిభ ముఖంలో నవ్వు లేదు. అది నేను చూశాను.

"ఎట్ల చెల్లెలవుతుందో సరిగ్గా చెప్పమనమ్మా ఆయన్ను," అంది అమ్మ, సముద్రంతో చెప్పినట్టు.

"చెప్తాను, చూడమనమ్మా ఆమెను," అని మామ గొడుగు పెరికి, దాని మొనతో తడి ఇసుకలో గీయడం మొదలుపెట్టాడు. "ఇది నువ్వు. ఇది నేను. ఇది ఆమె. నా కింద మంజు, ఆమె కింద గుర్రడు. మంజు పక్కన వినుత..."

"ఇద్దరాడోళ్ళు పుట్టిన ఇంటికి నాయన ఉండడా? పత్రికలో ఉండిన ఆ రాజప్పను యాడ పెట్టినాడో అడుగమ్మా."

"పెడతా ఉండాను కదా! ఇదిగో రాజప్ప, అత్తిముగం. వాళ్ళమ్మ..."

అల వచ్చింది. మామ, మంజు, రాజప్ప అందరూ కొట్టుకుపోయారు.

మామ రెండు అడుగులు వెనక్కి జరిగి మళ్ళీ గీశాడు. ఈసారి అమ్మ కుర్చీ తిప్పింది. మూడోసారి అల చెరిపేసరికి ఆమె లేచి వచ్చి, చీర చెంగు నడుముకు చుట్టి, మామ చేతిలో గొడుగు లాక్కుంది.

"నీళ్ళ కాడ గీస్తే నిలుస్తుందా? ఇట్ల పైకి రా! రాజప్ప అమ్మ పేరేమి?"

"మారక్క. మంజు పెండ్లిలో పూజకు ఆమె పటం పెట్టినారు."

"ఏ ఊరి బిడ్డ?"

"కుందారపల్లి అన్నారు. చిన్న వయసులోనే పోయిందంట."

అమ్మ చేతిలో గొడుగు ఆగింది. "కుందారపల్లి మారక్కా? ఎడమ చెంప మీద పుట్టుమచ్చ?"

"పటంలో ఉండాది. పెద్దది."

"అన్నా! ఆమె మా ఇంటి ఆడబిడ్డ! మా మామగారికి చిన్నాయన కూతురు. ఆమె పోయినాక రాకపోకలు నిలిచిపోయినాయి."

"ఎవరు, మీ మామగారు గుర్రప్పతాతకు చెల్లెలి వరసా?"

"అదే కదా చెప్తా ఉండాను! అట్లయితే ఈయనకు మేనత్త." వేరుశనగ పొట్టు ఊదుకుంటున్న నాయన వైపు గొడుగు చాపింది. "మేనత్త కొడుకు రాజప్ప ఈయనకు బావ. బావ కూతురు కోడలి వరస!"

"అవును," అన్నాడు నాయన. "మారక్కత్త. నాకు బెల్లం పెట్టేది."

"తెలిసీ ఇంతసేపు చెప్పలేదా?" అన్నారు అమ్మా మామా ఒకే నోటితో.

"అత్తిముగంలో ఇచ్చినారని తెలుసు. ఏ ఇంట్లోనో నాకేం తెలుసు? అయినా మీరిద్దరూ మాట్లాడుకుంటా ఉండారు. అడ్డం రావద్దనుకున్నాను."

అప్పుడు గానీ వాళ్ళిద్దరికీ తెలియలేదు. అమ్మ గొడుగు కింద పెట్టింది. మామ తల గోక్కున్నాడు. ఆమె అన్నా అన్నది నేను విన్నాను, అవ్వ కూడా వినే ఉంటుంది. ఎవరమూ ఆ సంగతి ఎత్తలేదు.

మామకు ఇంకో సందేహం వచ్చింది. "సరే, అమ్మా. ఆ దోవన పోతే మరదలు, ఈ దోవన పోతే చెల్లెలు. రెండూ ఉంటే ఎట్ల?"

"మారక్క అత్తింటికి పోయిన దోవ అరవై ఏండ్లది. నీ కోడలు వచ్చింది మూడేండ్లే. ఏది ముందో అదే వరస," అంది అవ్వ.

"అట్లయితే నా కోడలు నాకేమవుతుంది?"

"నీ కోడలు నీకు కోడలే. సుమ్మనే నోరు మూసుకో."

వినుత పడి పడి నవ్వింది. మామ ఫోను తీసి, "ఇప్పుడే రాజప్పకు చేస్తాను" అన్నాడు. అమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఏమని అడుగుతావు?"

"పిల్లనివ్వమని."

"ఎవరికి?"

మామ అసలే ఎర్రటి మనిషి, ఇంకా ఎర్రబడ్డాడు. "పట్టు పండించే ఇంటికి," అన్నాడు. "నా చెల్లెలి ఇంటికి. ఇవ్వనంటే ఆయన వాకిట్లోనే కూర్చుంటాను, అన్నం తినను. సరేనా?"

అమ్మ చెయ్యి వదిలింది. చెంగుతో ముఖం తుడుచుకుని, "ఉప్పు గాలి" అంది.

"నన్నెవరన్నా అడిగినారా?"

ప్రతిభ. చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"అందరూ మాట్లాడినారు, ఈయప్ప తప్ప. నాకు గొడుగుతో పెండ్లా? ఈయప్పనే చెప్పమనండి."

అందరూ నా వైపు తిరిగారు. అల వచ్చి పోయింది. ఇంకోటి వచ్చి పోయింది. అమ్మ ముఖంలో 'వీడు చెప్పలేడు' అన్న భయం కనిపించింది. నాకూ అదే భయం. ఇప్పుడు నోరు తెరవకపోతే ఎప్పటికీ తెరవను. హోరు ఎక్కువగా ఉంది కాబట్టి అరవవలసి వచ్చింది.

"ఉద్యోగం మానొద్దు!" అన్నాను. "కెలమంగలం నుంచి హోసూరుకు పొద్దునే బస్సుండాది. బస్టాపుకు నేను దింపుతాను. రాత్రి డ్యూటీ చేసి వస్తే పగలు నిద్రపో. మా ఇంట్లో ఎవరూ సద్దు చెయ్యరు, నిద్రపోయేదాన్ని లేపకూడదని మాకు తెలుసు. నాకు మాటలు రావు. వచ్చినప్పుడు చెప్తాను. పొద్దున నువ్వు తిట్టినప్పుడే నచ్చినావు. ఎవరి బిడ్డలో తెలీకుండానే వాళ్ళ కోసం చెప్పులు తీసుకోని వచ్చిన మనిషివి. నాకు నువ్వు కావాల."

"ఇన్ని మాటలు యాడ పెట్టుకున్నావురా!" అంది అమ్మ.

ప్రతిభ నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసింది, వార్డులో కొత్తగా చేరిన పిల్లవాణ్ణి చూసినట్టు.

"చెప్పులు కొట్టడానికి కాదప్పా, నీళ్ళల్లో తడుస్తాయని తీసినాను," అంది. తర్వాత మామ వైపు తిరిగి, అప్పుడే కొత్త వరస పట్టి, "నాయనకు చెయ్యండి పెదనాయనా. లేకపోతే ఈయప్ప మళ్ళీ మూసుకుంటాడు."

అత్తిముగంలో రాజప్ప ఫోను ఎత్తాడు. మారక్క పేరు చెప్పగానే అవతల ఆయన గొంతు మారింది. మా అమ్మను అందరూ మరిచిపోయారనుకున్నాను, ఆమె పుట్టింటివాళ్ళే నా బిడ్డను అడుగుతా ఉంటే కాదంటానా, బిడ్డకు ఇష్టమేనా అన్నాడు. బిడ్డ ఫోను తీసుకుని "ఇష్టమే నాయనా" అని ఒక్క మాట చెప్పి తిరిగి ఇచ్చేసింది. మామ తువ్వాలు గాలిలోకి విసిరాడు. గాలి దాన్ని నేరుగా సముద్రంలోకి తీసుకుపోయింది. ఎవరూ వెనక పోలేదు.

*

మర్నాడు చీకట్లోనే బయలుదేరాం. అమ్మా అవ్వా మామ కారులో ఎక్కారు. మారక్క అన్నదమ్ములెంతమంది అనే దాని మీద గొడవ ఇంకా తేలలేదు, మధ్యలో ఆపలేమన్నారు. మా వ్యానులో నాయన వెనక కాళ్ళు చాపుకున్నాడు. ముందు, నా పక్కన ప్రతిభ. పురుగులను చూశాకే హోసూరు పోతానని ఆమే ఎక్కింది.

కృష్ణగిరి దాటినాక పాపక్క ఫోను. జ్వరం లేస్తున్నాయి, త్వరగా రండి.

కుందారపల్లి దగ్గర మామ కారు రోడ్డు పక్కన ఆగి ఉంది. మామ టీ అంగడి ముందు నిలబడి, మారక్క ఇల్లు ఏదని దారిన పోయే ప్రతి మనిషినీ ఆపి అడుగుతున్నాడు. ఎవరికీ తెలియదు. "మా వాళ్ళేనప్పా, మీ ఊరి బిడ్డే! ఆమె మనవరాలిని మా వాడికి చేసుకుంటా ఉండాం!" అని తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి చెబుతున్నాడు. అంగడివాడు నవ్వి అందరికీ టీ పోశాడు. ఎవరో తాత అవ్వ చేతిలో రెండు గులాబీలు పెట్టాడు.

మేం ముందు బయలుదేరాం. శూలగిరి ఇంకా రాలేదు, వెనక నుంచి మామ కారు దూసుకొచ్చి మమ్మల్ని దాటింది. కిటికీలోంచి అమ్మ సగం బయటకు వచ్చి, జుట్టంతా గాలికి చెదిరిపోయి, చిన్నపిల్లలా మాకు చెయ్యి ఊపుతోంది. నా వయసంతా ఆమెతో బతికాను. ఆ మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు.

"ఏమిరా, దాటనిచ్చినావు?" అన్నాడు నాయన వెనక నుంచి. "మనకు పరువు లేదా?"

పాత వ్యాను. అయినా తొక్కాను. కారు పక్కకు రాగానే ప్రతిభ వంగి, స్టీరింగు మీద నా చేతిని పక్కకు తోసి, అరచేత్తో హారన్ మీద నొక్కింది. నొక్కి అట్లాగే పట్టుకుంది. రోడ్డు పక్క పొలాల్లో టమాటాలు కోస్తున్నవాళ్ళు నడుములెత్తి చూశారు. కారులో మామ కూడా హారన్ అందుకున్నాడు. అమ్మ ఏదో అరుస్తోంది, అవ్వ గులాబీలు ఊపుతోంది, ఒక్క మాటా వినబడలేదు.

శూలగిరి వచ్చింది, పోయింది. ప్రతిభ చెయ్యి తీయలేదు. నేను తీయమనలేదు.